డబుల్ బెడ్‌రూం కాలనీల పైఫ్లోర్ కిరాయిదారుల లొల్లి, కంప్లైంట్ ఇస్తే మంచోళ్ళు కూడా పోతరా?

సి_బ్లాక్_రమ
మాది సిటీ బయట సర్కారోళ్ళు పేదలకిచ్చిన డబుల్ బెడ్‌రూం కాలనీ, పేరు చెప్పను, చెప్తే రేపు పొద్దున్నే నా తలుపు ముందట నిలవడ్తరు. లక్కీ డ్రాల వచ్చింది, పట్టా నా పేరు మీదనే ఉంది. ఇంటి గురించి ఏం బాధ లేదు, బస్తీల ఒక్క అర్రల ఐదుగురం ఉన్నోళ్ళం, ఇప్పుడు పిల్లలకి చదువుకోనీకి ఒక రూం ఉంది. బాధంతా మా పైన ఆరో ఫ్లోర్ ఇంటితోని. దాని ఓనరు ఒక్కరోజు కూడా ఉండలే, వచ్చిన నెలలనే కిరాయికిచ్చిండు. ఎవరో పోరగాళ్ళు వస్తరు పోతరు, ఎంతమందో కూడా తెల్వదు. రాత్రి పది దాటినంక మెట్ల మీదనే సిట్టింగు. లిఫ్టు చెడిపోయింది, మాకు మెట్లే దిక్కు, మా బిడ్డ ట్యూషన్ నుంచి వస్తే వాళ్ళను దాటుకుంట రావాలె. ఖాళీ సీసాలు కిటికీలకెళ్ళి కిందికి ఇసిరేస్తరు, మొన్న పార్కింగుల ఒకాయన ఆటో అద్దం పగిలింది. వచ్చే వాసన కూడా సిగరెట్ వాసన కాదు, అర్థం చేసుకోండ్రి.

ఓనర్‌కి ఫోన్ చేస్తే "కిరాయి టైముకి వస్తుందక్కా, మిగతాది మీరు మీరు చూస్కోండ్రి" అన్నడు.

అసలు పంచాయితీ ఇప్పుడు చెప్తా. కిరాయికిచ్చిన ఇండ్లు పట్టిస్తే ఆఫీసర్లొచ్చి ఖాళీ చేయిస్తరంట. కానీ మా ఫ్లోర్లనే ఒక అక్క కిరాయికి ఉంటది, భర్త లేడు, ఇడ్లీ బండి పెట్టుకొని ఇద్దరు పిల్లలను సాదుకుంటుంది. మా బ్లాకుల మెట్లు ఊడ్చేది కూడా ఆమెనే. సర్వే వస్తే ఆమె కూడా పోతది. ఏం చెయ్యాలె?

గేటెడ్_గోపాల్
ఊరికే ఇచ్చిన ఇల్లు కదండీ, విలువ ఎలా తెలుస్తుంది. మేము ఇరవై ఏళ్ళు ఈఎంఐ కట్టి కొనుక్కున్నాం, మా దగ్గర ఇలాంటివి జరగవు.

నల్లకుంట_నర్సిం
గోపాలన్నా, డిసెంబర్ 31 రాత్రి రెండింటిదాకా క్లబ్‌హౌసుల డీజే పెట్టి, పోలీసోళ్ళొస్తే "ప్రైవేట్ ఫంక్షన్" అని గేటు మూసింది మీ గేటెడ్ కాదా, పోయినేడు ఇక్కడనే రాసినవ్ కదా నువ్వు 😂

గేటెడ్_గోపాల్
అది వేరే విషయం.

నల్లకుంట_నర్సిం
అవును, సీసా ఖరీదు వేరే.

కోర్టు_వరండా
రమ గారూ, మీరు రెండు విషయాలు ఒకే మూట కట్టేశారు, విడదీయండి. ఒకటి కిరాయికివ్వడం, అది అలాట్‌మెంట్ షరతుకి విరుద్ధం, ఇల్లు అమ్మకూడదు కిరాయికివ్వకూడదు, ఇందులో అనుమానం లేదు. రెండోది న్యూసెన్సు. దీనికీ ఇంట్లో ఉన్నది ఓనరా కిరాయిదారా అనేదానికీ సంబంధమే లేదు. సొంత పట్టాదారు కొడుకే మెట్ల మీద తాగి సీసాలు విసిరినా అదే కేసు. అందుకని మీ కాగితంలో "అక్రమంగా అద్దెకిచ్చారు" అనే ముక్క అసలు రాయొద్దు. ఫలానా తేదీ, ఫలానా టైము, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఇంతే. అప్పుడు ఇడ్లీ అక్క జోలికి ఎవరూ రారు.

సి_బ్లాక్_రమ
కానీ ఠాణాల మొదటి ప్రశ్నే "ఆ ఇంట్ల ఉన్నది ఎవరు, ఓనరా" అని అడుగుతరు కదా సార్

కోర్టు_వరండా
అడుగుతారు, ఉన్నది చెప్పండి, అబద్ధం వద్దు. ఆ ఒక్క ఇంటి గురించి చెప్పడం వేరు, "మా కాలనీలో కిరాయి ఇళ్ళు సర్వే చెయ్యండి" అని అర్జీ పెట్టడం వేరు.

ఆటో_యాదగిరి
నేను కిరాయికిచ్చినోన్నే, దాచేదేంది. నాకు ఇల్లొచ్చింది సిటీ అవతల, నా పని బేగంబజార్ల. పొద్దున నాలుగింటికి లోడ్ దింపాలె, ఆ టైముకి ఏ బస్సుంటది. నా భార్య నాలుగిండ్లల్ల పాచిపని చేస్తది, ఆ ఇండ్లు కూడా ఈడనే. రెండు నెలలు పోయిరావడానికే సంపాదించిందంత అయిపోయింది. మళ్ళ పాత బస్తీకొచ్చి కిరాయికుంటున్న, ఆ ఇంటి కిరాయి ఈ ఇంటికి కడుతున్న. ఇప్పుడు నేను దొంగనా? కానీ ఒక్కటి, నేనిచ్చింది మా మేనమామ కొడుకు కుటుంబానికి, ఎవడికి పడితే వానికి ఇయ్యలే.

గేటెడ్_గోపాల్
అవసరం లేకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చుగా. వెయిటింగ్‌లో ఎంతమంది ఉన్నారు.

ఆటో_యాదగిరి
ఇస్తే సిటీలనే ఇంకోటి ఇస్తరా సార్? ఇయ్యరు. మళ్ళ అప్లికేషన్ పెట్టుకో అంటరు. పదిహేనేండ్లు కాళ్ళరిగేటట్టు తిరిగితే వచ్చిన ఇల్లు, చేతులార ఎట్ల ఇస్త.

పాత_బస్తీ_పిల్ల
యాదగిరన్న చెప్పేది చిన్న ముచ్చట కాదు. 2015ల మొదలు కట్టింది సికింద్రాబాద్ భోయిగూడ దగ్గర ఐడీహెచ్ కాలనీ, 396 ఇండ్లు, అక్కడున్న బస్తీ తీసి అదే జాగల అదే మనుషులకి ఇచ్చిన్రు. తర్వాత సిటీల జాగ దొరక్క అవుటర్ రింగ్ రోడ్డు పొంటి కట్టుకుంట పోయిన్రు. కొల్లూరుల ఒక్కచోటనే 15,660 ఇండ్లు, 2023 జూన్‌ల ఓపెన్ చేసిన్రు. అంటే ఒక మున్సిపాలిటీ అంత ఊరు, అదీ డ్రాల వచ్చిన మనుషులతోని. పక్కింటోడెవడో పైయింటోడెవడో ఎవరికీ తెల్వదు. మా బస్తీల పోరగాడు గల్లీల సిగరెట్ ముట్టిస్తే సాయంత్రానికి వాళ్ళ నాయినకి తెల్సేది, ఎవరో ఒక పెద్దమ్మ చెవు మెలేసేది. ఈడ చెవు మెలెయ్యాలంటే ముందు వాని పేరు తెల్వాలె కదా.

నల్లకుంట_నర్సిం
ఇప్పుడు చెవు మెలేస్తే ఆ పెద్దమ్మ మీదనే కేసు పెడ్తరు

టిడ్కో_వెంకట్
మా వైపు కూడా ఇదే గొడవండి. మావి ఆంధ్రాలో ప్రభుత్వం పట్టణ పేదలకి కట్టిన టిడ్కో ఇళ్ళు, జీ ప్లస్ త్రీ, లిఫ్టుల బాధ లేదు కానీ సగం ఫ్లాట్లలో ఎవరూ చేరలేదు. తాళం వేసిన ఫ్లాట్ల వరండాలే అడ్డా అయిపోయినాయ్. 300 అడుగుల వాళ్ళకి ఒక్క రూపాయికే ఇచ్చారు, 365, 430 అడుగుల వాళ్ళకి బ్యాంకు లోను ఉంది, వాళ్ళేమో "మేం కిస్తీ కడతన్నాం, మీరు ఊరికే వచ్చారు" అంటారు, వీళ్ళేమో "అయితే ఏంటంట" అంటారు, అందరం పేదోళ్ళమే మళ్ళీ అందులో ఓ క్లాసు. కుళాయి దగ్గర మొదలైన మాట పోలీస్ స్టేషన్ దాకా వెళ్తంది. గంజాయి సంగతైతే మా దగ్గర 1972 అనే హెల్ప్‌లైన్ నంబరుకి ఫోన్ చేస్తే పేరు బయటకి రానివ్వట్లేదు, ఒకసారి మా బ్లాకు వాళ్ళు చేశారు, వచ్చి చూసి వెళ్ళారు, నెల రోజులు శుభ్రంగా ఉంది.

సి_బ్లాక్_రమ
నెల తర్వాత?

టిడ్కో_వెంకట్
పక్క బ్లాకుకి మారారండి 🙂

కోర్టు_వరండా
గంజాయి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను, ఇది చాలామందికి తెలీదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టంలో సెక్షన్ 25 అని ఉంది. తన ఇంటిని ఇలాంటి నేరానికి వాడుతున్నారని తెలిసి కూడా వాడనిచ్చిన ఓనర్‌కి కూడా ఆ నేరానికి ఉన్న శిక్షే. ఇక్కడ కీలకం "తెలిసి". రేపు మీ ఆరో ఫ్లోర్ ఓనర్ "నేనెక్కడో ఉంటాను, నాకేం తెలుసు" అంటాడు. అందుకే ఫోన్లు ఆపేసి, నలుగురు సంతకాలు పెట్టి, స్పీడ్ పోస్టులో లెటర్ పంపండి, మీ ఇంట్లో ఇది జరుగుతోంది అని మాకు అనుమానం ఉంది అని. "జరుగుతోంది" అని ఖాయంగా రాయకండి, అనుమానం అనే రాయండి. లెటర్ అందినట్టు పోస్టాఫీసు ఇచ్చే రుజువు తీసుకొని దాచుకోండి. ఆ తర్వాత అతను తెలీదనలేడు. ఈ లెటర్ అందిన వారంలో కిరాయిదారులు మారిపోయిన కేసులు చూశాను నేను.

గచ్చిబౌలి_గంగన్న
ఇది బాగుంది, మా అపార్ట్‌మెంట్ల కూడా పనికొస్తది, సేవ్ చేస్కున్న

ఆటో_యాదగిరి
మంచిగ చెప్పిన్రు సార్. నేను కూడా రేపే మా మేనమామ కొడుక్కి ఫోన్ చేస్త.

లీడ్స్_లక్ష్మి
ఇక్కడ యూకేలో నేను కౌన్సిల్ హౌసింగ్ ఆఫీసులో, అంటే మున్సిపాలిటీ కిరాయికిచ్చే ఇళ్ళు చూసే ఆఫీసులో చేస్తాను, రోజూ ఇదే పని. ఇక్కడ ఏదో మంత్రదండం ఉందనుకోకండి. 1998లో యాస్బో అని తెచ్చారు, అంటే వీడు ఫలానా చోటికి వెళ్ళకూడదు, ఫలానా పని చెయ్యకూడదు అని కోర్టు ఆర్డర్. కొంతమంది కుర్రాళ్ళు దాన్ని మెడల్ లాగా చెప్పుకునేవాళ్ళు. 2014 చట్టంతో అది తీసేసి ఇంజంక్షన్లు తెచ్చారు, ఆ ఇంజంక్షన్ దాటాడని కోర్టులో రుజువైతే ఇల్లు ఖాళీ చేయించడానికి కూడా దారి పెట్టారు. కొత్తగా వచ్చిన వాళ్ళకి చాలా కౌన్సిళ్ళు మొదటి ఏడాది ట్రయల్ లాగా ఇస్తాయి, ఆ ఏడాది సవ్యంగా ఉంటేనే పక్కా టెనెన్సీ.

కానీ రమ గారికి పనికొచ్చేది వేరే. మేము కంప్లైంట్ ఇచ్చినవాళ్ళకి మొదట ఇచ్చేది ఒక డైరీ షీటు. తేదీ, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది, మీకేం ఇబ్బంది కలిగింది. నిద్ర లేదు, పాప భయపడింది, ఇలా. "రోజూ ఇంతేనండి" అని చెప్తే జడ్జి వినడు, "మంగళవారం రాత్రి 11.20కి" అంటే వింటాడు. పదిమంది విడివిడిగా రాసిన డైరీల్లో ఒకే రాత్రి ఒకే టైము ఉంటే అవతలి లాయర్ ఏం మాట్లాడతాడు.

పాత_బస్తీ_పిల్ల
లక్ష్మక్కా, ఖాళీ చేయించినంక వాళ్ళేడికి పోతరు మరి?

లీడ్స్_లక్ష్మి
అదేగా అసలు తలనొప్పి. ఇంకో వీధికి, ఇంకో కౌన్సిల్‌కి, లేదా రోడ్డు మీదికి. అందుకే స్కాట్లాండ్‌లోని డండీలో 1990ల్లో ఇంకో పద్ధతి పెట్టారు, గొడవ కుటుంబాల్ని గెంటెయ్యకుండా దగ్గరుండి చూసుకునే ప్రాజెక్టు. మరీ ముదిరిన కుటుంబాల్ని ఒకే బ్లాకులో పెట్టి, రాత్రింబవళ్ళు సిబ్బంది అక్కడే ఉండి, పిల్లల్ని స్కూలుకి పంపించడం దగ్గర్నుంచి వంట దాకా నేర్పించారు. ఖర్చెక్కువ అని తిట్టినవాళ్ళున్నారు, కానీ ఆ పద్ధతినే తర్వాత ఇంగ్లండ్ కూడా తీసుకుంది.

గేటెడ్_గోపాల్
అంటే గొడవ చేసినవాడికి వంటమనిషిని పెడతారన్నమాట. భేష్.

లీడ్స్_లక్ష్మి
వంట చేసి పెట్టరండీ, చెయ్యడం నేర్పిస్తారు. మీ ఇంట్లో ఎవరు చేస్తారు వంట?

నల్లకుంట_నర్సిం
🤣🤣 గోపాలన్న ఆఫ్‌లైన్

ఉడ్‌ల్యాండ్స్_శీను
సీసాలు విసరడం గురించి ఎవరూ పట్టించుకోలేదు, నాకు అన్నిటికన్నా అదే భయం. సింగపూర్‌లో హెచ్‌డీబీ, అంటే ప్రభుత్వ హౌసింగ్ బోర్డు, ఫ్లాట్ల మీద నుంచి వస్తువులు పడేయడాన్ని కిల్లర్ లిట్టర్ అంటారు. నేరం రుజువైతే ఫైను, జైలు మాత్రమే కాదు, ఫ్లాటే వెనక్కి తీసుకునే అధికారం హెచ్‌డీబీకి ఉంది. ఏ ఫ్లోర్ నుంచి పడిందో తెలియడానికి కింద నుంచి పైకి కెమెరాలు పెడతారు. మామూలు చప్పుడు గొడవలకైతే ముందు మీడియేషన్, కుదరకపోతే 2015 నుంచి దీనికోసమే ఒక ట్రైబ్యునల్ ఉంది. అక్కడ కూడా పై ఇంట్లో రాత్రిపూట గోళీలు ఆడుతున్నట్టు శబ్దం వస్తోందని జనం కొట్టుకుంటూనే ఉంటారు లెండి.

మీరు కూడా ఒక కెమెరా పైకి తిప్పి పెట్టండి, అయితే ఎవరి కిటికీ లోపల కనపడకుండా గోడ వారగా.

గచ్చిబౌలి_గంగన్న
లిఫ్టే చెయ్యట్లే, కెమెరాకి పైసలు ఎవడిస్తడు శీనూ

సి_బ్లాక్_రమ
అదే. మెయింటెనెన్స్ అని నెలకింత అనుకున్నం, సగం మంది ఇయ్యరు. కిరాయికున్నోళ్ళు "ఓనర్‌ని అడుగు" అంటరు, ఓనర్లు "ఉండేటోళ్ళని అడుగు" అంటరు. అసోసియేషన్ అని వాట్సాప్ గ్రూపు ఉంది, దాంట్ల గుడ్ మార్నింగులు తప్ప ఏం ఉండవ్.

కోర్టు_వరండా
వాట్సాప్ గ్రూపుకి చట్టంలో విలువ లేదు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు ఉంటే చాలు రిజిస్టర్ చేసుకోవచ్చు. లెటర్‌హెడ్ ఉంటే ఠాణాలో, కలెక్టరేట్‌లో చదివే తీరే వేరు. ఒక్క మహిళ పేరు మీద కాకుండా సొసైటీ పేరు మీద వెళ్తుంది కాబట్టి మీ తలుపు ముందు ఎవరూ నిలబడరు కూడా.

సెక్షన్ల సంగతి, ఒకసారి చెప్పేస్తాను మళ్ళీ అడగకండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్‌పీసీలో 107 అనేవాళ్ళం, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 126. జనం భాషలో బైండోవర్. గొడవ చేసేవాణ్ణి పిలిచి, ఏడాది దాకా శాంతిగా ఉంటానని పూచీకత్తు రాయించుకుంటారు. అది తప్పితే పూచీ డబ్బు పోతుంది, జైలు కూడా ఉండొచ్చు. సిటీ కమిషనరేట్ పరిధిలో పోలీసు ఆఫీసర్లే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లుగా ఇది చేస్తారు, బయట మండలాల్లో అయితే తహసీల్దార్ దగ్గర. చిన్న కేసే కానీ కుర్రాళ్ళకి భయం దీనికే, పాస్‌పోర్టుకో ఉద్యోగానికో వెరిఫికేషన్ వచ్చినప్పుడు స్టేషన్ రికార్డులో కనపడుతుందని.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా స్పీకర్లు పెడితే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఉన్నాయి, నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. 112కి ఫోన్ చేసి స్పీకర్ అని స్పష్టంగా చెప్పండి, "గొడవ" అంటే ఎవరూ కదలరు.

టిడ్కో_వెంకట్
ఓనర్ మీద రెంట్ కంట్రోల్ వెయ్యచ్చా సార్? మా బావ వెయ్యమంటన్నాడు

కోర్టు_వరండా
రెంట్ కంట్రోల్ చట్టంలో పక్కవాళ్ళకి న్యూసెన్స్ చేసే కిరాయిదారుని ఖాళీ చేయించే క్లాజు ఉంది నిజమే, కానీ ఆ కేసు వెయ్యాల్సింది ఓనరే. అసలు కిరాయికే ఇవ్వకూడని ఇంటికి, ఓనర్ కోర్టుకొచ్చి "నేను కిరాయికిచ్చాను" అంటాడా? మీ బావకి నమస్కారం చెప్పండి.

నల్లకుంట_నర్సిం
ఇంత పెద్ద కథ ఎందుకు, నలుగురు మొగోళ్ళు పోయి సామాన్లు కిందికి దింపుతే ఐపాయె

కోర్టు_వరండా
దింపిన నలుగురి మీద ట్రెస్‌పాస్, దౌర్జన్యం కేసులు. తర్వాత నా దగ్గరకే వస్తారు, ఫీజు తీసుకుంటాను. అధికారులు కూడా నోటీసు ఇచ్చి, జవాబు విని గానీ ఖాళీ చేయించకూడదు. ఫుట్‌పాత్ మీద గుడిసె వేసుకున్నవాళ్ళ విషయంలోనే 1985లో సుప్రీంకోర్టు నోటీసు ఇచ్చి మాట వినాలంది, పట్టా ఉన్న ఇంటికి వినరా.

ఆటో_యాదగిరి
ఇంకో ముచ్చట. ఆ పోరగాళ్ళు ఎవరు, ఏం పని చేస్తరు, ఎవరన్నా అడిగిన్రా? మా కాలనీల కూడా ఉండె గిట్లనే, సైట్ల మీద సెంట్రింగ్ పనికొచ్చిన పిల్లలు. కాంట్రాక్టర్ ఒక్క ఇల్లు తీస్కొని పన్నెండు మందిని పెట్టిండు. ఇంట్ల కూసోనీకి జాగ లేక మెట్ల మీదికొస్తరు. కాంట్రాక్టర్‌ని పిలిచి మాట్లాడినం, రెండిండ్లు తీస్కొని సగం మందిని పంపిండు.

పాత_బస్తీ_పిల్ల
గంజాయి సంగతి ఉంటే గది వేరే యాదగిరన్నా, ఆడపిల్లలు మెట్లెక్కలేకపోతుంటే జాగ లేదని ఊరుకుంటమా. జాగ లేకపోతే కింద గ్రౌండుంది.

ఆటో_యాదగిరి
ఊరుకోమనలే అమ్మా. ఎవడేందో చూసి కొట్టాలె అంటున్న.

లీడ్స్_లక్ష్మి
యాదగిరి గారి పాయింట్ కొట్టెయ్యకండి. అదే ఇంట్లో తాగి కూర్చునేవాడూ, అలవాటు మానలేక ఏడ్చేవాడూ ఇద్దరూ ఉంటారు. లాయర్ గారూ, అలవాటు పడ్డవాళ్ళకి మన చట్టంలో ఏదో ఉండాలి కదా?

కోర్టు_వరండా
ఉంది, అదే ఎన్‌డీపీఎస్‌లో 64ఏ. సొంతంగా వాడే కేసో, చిన్న మోతాదు కేసో అయితే, గుర్తింపు ఉన్న చోట డీఅడిక్షన్‌కి తనంతట తానే వెళ్ళి చికిత్స పూర్తి చేసుకున్నవాడికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ. అమ్మేవాడికి కాదు. లాయర్ ఖర్చుకి భయపడేవాళ్ళు న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యండి, మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. రమ గారూ, మీకు కూడా.

సి_బ్లాక్_రమ
అందరి పోస్టులు మా ఆయనకి చదివి వినిపించిన. పట్టాదారు అక్కలం పదకొండు మందిమి ఒప్పుకున్నం, రేపటి నుంచి నోట్‌బుక్కులు రాస్తం, సొసైటీ కాగితాలకి ఒక టీచరమ్మ సాయం చేస్తనన్నది. ఇడ్లీ అక్క కూడా నేను రాస్త అన్నది, కానీ సంతకం పెడితే ఆమె కిరాయి సంగతి బయటపడ్తదని నేనే వద్దన్న. ఓనర్‌కి లెటర్ ఈ సోమవారం పోస్ట్ చేస్తం. ఒక డౌటు, కలెక్టరేట్ల అర్జీలు తీస్కునే ప్రజావాణికి కూడా అదే సోమవారం పోవచ్చా, ఠాణాల ఇచ్చినంకనే పోవాల్నా?

కోర్టు_వరండా
ముందు ఠాణా, రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే అదే కాగితం స్పీడ్ పోస్టులో పై ఆఫీసర్‌కి. తర్వాతి సోమవారం ఆ రసీదు జిరాక్సు జతచేసి ప్రజావాణికి. అక్కడ లిఫ్టు, లైట్ల సంగతి కూడా వేరే అర్జీగా పెట్టండి, ఒకే కాగితంలో కలపొద్దు, కలిపితే రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఫండ్స్ లేవంటే 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసు ఉంది, మురికి కాలవల గురించి కాలనీవాళ్ళు వేసింది, డబ్బుల్లేవనే సాకు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. పేరు రాసుకోండి.

గచ్చిబౌలి_గంగన్న
మెట్ల లైట్లు ముందు వేయించు అక్కా, మీరే తలా ఇరవై వేసుకొని. వెలుతురుంటే సగం సిట్టింగులు లేస్తయ్.

నల్లకుంట_నర్సిం
మిగతా సగానికి ఆ మెట్ల మీదనే రోజు రాత్రి తొమ్మిదింటికి అక్కలు పదకొండు మంది కుర్చీలేస్కొని కూసోని చిట్టి పాడుండ్రి. చిట్టి నడిచే కాడ ఎవడూ తాగలేడు, నేను చెప్తున్న

రాజీవ్_గృహకల్ప_రాజు
మాది పాత రాజీవ్ గృహకల్ప, మా దగ్గర ఓనర్లు అమ్ముకొని పోయి వాళ్ళ మీద మూడో ఓనర్ నడుస్తుండు, కాగితాల మీద ఇంక మొదటి ఆమె పేరే. లాయర్ సార్, గసొంటి ఇంటికి లెటర్ ఎవరి పేరు మీద పంపాలె?

కోర్టు_వరండా
కాగితాల మీద ఉన్న పేరుకి ఒకటి, ఇంట్లో ఉన్నవాళ్ళకి ఒకటి, రెండూ పంపండి. మిగతా కథ వేరే థ్రెడ్ పెట్టండి, అది ఇంతకంటే పొడుగు.